మోడ్లు తీసేశాక కూడా స్కైరిమ్ క్రాష్ అవుతుంటే ఎక్కడ వెతకాలి

గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేశారు, మళ్ళీ డౌన్‌లోడ్ చేసి పెట్టారు. ఒక్క మోడ్ (గేమ్‌ను మార్చడానికి ఆటగాళ్ళు చేసిన ఫైళ్ళు) కూడా వేయలేదు. అయినా మెయిన్ మెనూ రాకముందే గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తోంది. లేదంటే మెనూ వస్తోంది గానీ, గేమ్‌లోని వైట్‌రన్ ఊళ్ళో గోడలు ఊదారంగులో మెరుస్తున్నాయి. ఈ స్థితికి వచ్చినవాళ్ళలో చాలామంది గ్రాఫిక్స్ కార్డునో, ర్యామ్‌నో అనుమానిస్తారు, కొందరు విండోసే మార్చేస్తారు. అంత దూరం వెళ్ళే ముందు చూడాల్సినది ఒకటుంది. పాత మోడ్ల ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉండి ఉంటాయి.

గేమ్‌ను దించి పెట్టే స్టీమ్ ప్రోగ్రామ్ తాను తెచ్చి పెట్టిన సామాను మాత్రమే తీసుకెళ్తుంది. ప్రతి గేమ్‌కూ స్టీమ్ దగ్గర ఒక జాబితా ఉంటుంది: ఏ ఫైలు, ఎంత సైజు, లోపల ఏం ఉండాలి అని. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ జాబితాలో ఉన్నవే పోతాయి. మీరో, మోడ్ మేనేజరో (మోడ్లను వేసి, తీసే ప్రోగ్రామ్) పెట్టినవి స్టీమ్‌యాప్స్‌లోని కామన్ ఫోల్డర్ కింద స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ పేరుతో అలాగే ఉండిపోతాయి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన గేమ్ వచ్చి అదే ఫోల్డర్‌లో దిగుతుంది. స్టీమ్‌లో ఫైళ్ళను సరిచూసే "వెరిఫై ఇంటిగ్రిటీ" నొక్కినా అంతే. జాబితాలో ఉన్న ఫైలు మారినా పోయినా సరిచేస్తుంది, జాబితాలో లేని ఫైలు జోలికి పోదు. "వెరిఫై చేశాను, అంతా బాగానే ఉందంది" అన్న మాటకు అందుకే పెద్ద విలువ లేదు.

ఇక్కడ చెప్పేదంతా 2016 అక్టోబరులో వచ్చిన స్పెషల్ ఎడిషన్ గురించి, 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్‌తో మొదలైన 1.6 వరుస గురించి. 2011 నాటి పాత స్కైరిమ్‌కూ తర్కం ఇదే, కాకపోతే ఫైళ్ళ పేర్లు కొన్ని వేరు.

మిగిలిన మోడ్ సామాను మూడు చోట్ల దాక్కుంటుంది: గేమ్ ఫోల్డర్‌లో, విండోస్‌లోని మీ యూజర్ ఫోల్డర్‌లో, మీ సేవ్ ఫైలు లోపల. ఒకచోట శుభ్రం చేసి మిగతా రెండూ వదిలేస్తే రోగం తిరగబెడుతుంది.

తప్పు సేవ్‌లో ఉందా, ఫైళ్ళలో ఉందా

ఏదీ తీసేయకముందు ఐదు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. గేమ్ తెరిచి, ఏ సేవ్‌నూ లోడ్ చేయకుండా, మెయిన్ మెనూలోనే ఎస్కేప్ కింద ఉండే టిల్డా కీ నొక్కితే కన్సోల్ వస్తుంది. అందులో ఇంగ్లీషులో సీఓసీ అని కొట్టి, ఖాళీ వదిలి, రివర్‌వుడ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. పాత సేవ్‌తో సంబంధం లేకుండా నేరుగా ఆ ఊళ్ళో దిగుతారు. అక్కడ పది నిమిషాలు తిరగండి, ఒక ఇంట్లోకి వెళ్ళి బయటికి రండి, వైట్‌రన్ దాకా నడవండి. అంతా బాగుండి, మీ పాత సేవ్ తెరిస్తేనే క్రాష్ అవుతుంటే తప్పు సేవ్‌లో ఉంది. రివర్‌వుడ్‌లోనూ అదే గొడవైతే ఫైళ్ళలో ఉంది. అసలు మెనూ దాకా కూడా రాకపోతే దాదాపుగా డీఎల్ఎల్ ఫైళ్ళ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లోపలికి తెచ్చుకునే కోడ్ ఫైళ్ళ) గొడవ, లేదా ఒక ప్లగిన్‌కు (మోడ్ మార్పులు రాసి ఉండే ఫైలుకు) అది ఆధారపడే మాస్టర్ ఫైలు దొరకకపోవడం.

మెనూ దాకా రానివాళ్ళు గేమ్‌ను రెండు రకాలుగా తెరిచి చూడాలి. ఒకసారి ఎస్‌కేఎస్‌ఈ (మోడ్ల స్క్రిప్టులకు అదనపు సామర్థ్యం ఇచ్చే ప్రోగ్రామ్) లోడర్‌తో, ఇంకోసారి స్టీమ్‌లోని ప్లే బటన్‌తో. ఎస్‌కేఎస్‌ఈ మీద ఆధారపడే ప్లగిన్ డీఎల్ఎల్‌లు లోడర్‌తో తెరిచినప్పుడు మాత్రమే గేమ్‌లోకి వస్తాయి. స్టీమ్ నుంచి తెరిస్తే గేమ్ నిలబడి, లోడర్‌తో తెరిస్తే పడిపోతుంటే దోషి గేమ్ ఫోల్డర్‌లో ఉండే డేటా ఫోల్డర్‌లోని ఎస్‌కేఎస్‌ఈ, దాని కింద ప్లగిన్స్ అనే ఫోల్డర్‌లో ఉంది. రెండు విధాలా పడిపోతుంటే గేమ్ ఎగ్జిక్యూటబుల్ పక్కనే ఉన్న డీఎల్ఎల్‌లను ముందు అనుమానించాలి. ఈ పరీక్షలో మెనూలను మార్చే స్కైయూఐ మోడ్ ఇంకా యాక్టివ్‌గా ఉంటే, ఎస్‌కేఎస్‌ఈ నడవడం లేదంటూ "ఎర్రర్ కోడ్ 1" చూపిస్తుంది. దానికి కంగారు పడనక్కర్లేదు, స్టీమ్ నుంచి తెరిచినప్పుడు అది రావాల్సిందే.

ఎగ్జిక్యూటబుల్ పక్కన కూర్చున్నవి

స్కైరిమ్‌ఎస్‌ఈ అనే ఎగ్జిక్యూటబుల్ ఉన్న ఫోల్డర్‌ను రూట్ ఫోల్డర్ అంటాం. మోడ్ మేనేజర్లు సాధారణంగా దీని జోలికి రావు. ఇందులో పెట్టాల్సినవి చేత్తో కాపీ చేసి పెట్టినవే, కాబట్టి చేత్తోనే తీయాలి. గ్రాఫిక్స్‌ను మార్చే ఈఎన్‌బీ వేసి ఉంటే డీ3డీ11 డీఎల్ఎల్, డీ3డీకంపైలర్_46ఈ డీఎల్ఎల్, ఈఎన్‌బీసిరీస్ అనే ఫోల్డర్, ఈఎన్‌బీలోకల్, ఈఎన్‌బీసిరీస్ అనే రెండు ఐఎన్‌ఐ (సెట్టింగుల) ఫైళ్ళు ఉంటాయి. అలాంటిదే ఇంకొకటి, రీషేడ్ అయితే డీఎక్స్‌జీఐ డీఎల్ఎల్, రీషేడ్ ఐఎన్‌ఐ, రీషేడ్-షేడర్స్ ఫోల్డర్. గేమ్ లోపాలు సరిచేసే ఇంజన్ ఫిక్సెస్ మోడ్ రెండో భాగం వేసి ఉంటే డీ3డీఎక్స్9_42, టీబీబీ, టీబీబీమాలాక్ అనే మూడు డీఎల్ఎల్‌లు. ఎస్‌కేఎస్‌ఈవి దాని లోడర్, ఎస్‌కేఎస్‌ఈ64 తరువాత గేమ్ వెర్షన్ అంకెలు ఉన్న డీఎల్ఎల్.

ఇవి ఎందుకంత మొండివంటే, విండోస్ ఒక ప్రోగ్రామ్‌కు డీఎల్ఎల్ కావాల్సి వచ్చినప్పుడు ముందు ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. గేమ్ "డీ3డీ11 కావాలి" అని అడగ్గానే సిస్టమ్ ఫోల్డర్‌లోని అసలుది కాకుండా, పక్కనే ఉన్న ఈఎన్‌బీ వాళ్ళది చేతికొస్తుంది. అది ప్లగిన్ జాబితానూ చూడదు, మోడ్ మేనేజర్‌నూ అడగదు. అందుకే మేనేజర్‌లో ఒక్క మోడ్ కూడా లేకపోయినా గేమ్ తెరవగానే తెర మూలన ఈఎన్‌బీ అక్షరాలు కనిపిస్తుంటాయి. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5లోనూ ఇదే కిటుకు. మోడ్లను నడిపే స్క్రిప్ట్ హుక్‌తో వచ్చే డీఇన్‌పుట్8 డీఎల్ఎల్ గేమ్ ఎగ్జిక్యూటబుల్ పక్కన ఉన్నంతకాలం, ఏఎస్ఐ అనే మోడ్ ఫైళ్ళన్నీ లోపలికి వస్తూనే ఉంటాయి. ఆ గేమ్‌లో ఆన్‌లైన్‌కు వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2024 సెప్టెంబరు నుంచి దాని ఆన్‌లైన్‌కు మోసాలను పట్టుకునే బ్యాటిల్‌ఐ కాపలా ఉంది. డీఇన్‌పుట్8, స్క్రిప్ట్‌హుక్‌వీ డీఎల్ఎల్‌లు, ఏఎస్ఐలు, మోడ్స్ ఫోల్డర్, స్క్రిప్ట్స్ ఫోల్డర్ అన్నీ బయటికి తరలించాకే ఆన్‌లైన్ మాట ఎత్తాలి.

తరలించడం అంటున్నాను, డిలీట్ చేయడం కాదు. వేరే చోట "పాత మోడ్లు" అని ఒక ఫోల్డర్ పెట్టుకుని, తీసినవన్నీ అందులో వేయండి. తీశాక గేమ్ బాగైతే రోగమేదో తెలిసినట్టే. పొరపాటున అవసరమైనది తీసి ఉంటే తిరిగి పెట్టడం తేలిక.

డేటా ఫోల్డర్: అసలు పని ఇక్కడే

కల్తీ లేని డేటా ఫోల్డర్‌లో ఉండేవి చాలా తక్కువ. స్కైరిమ్, అప్‌డేట్, డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్స్, డ్రాగన్‌బార్న్ అనే ఐదు ఈఎస్ఎమ్ (మాస్టర్) ఫైళ్ళు, "స్కైరిమ్ -" అని మొదలయ్యే బీఎస్ఏలు (చాలా ఫైళ్ళను కట్టిన మూటలు), వీడియో అనే ఫోల్డర్, కొత్త వెర్షన్లలో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే రిసోర్స్‌ప్యాక్ ఫైళ్ళు, మార్కెట్‌ప్లేస్ టెక్స్చర్స్ బీఎస్ఏ, తరువాత పేరు ముందు "సీసీ" అని ఉన్న క్రియేషన్ క్లబ్ (గేమ్ తయారుచేసిన బెథెస్డా ఇచ్చే అదనపు కంటెంట్) ఫైళ్ళు. మెషెస్, టెక్స్చర్స్, స్క్రిప్ట్స్, ఇంటర్‌ఫేస్, ఎస్‌కేఎస్‌ఈ అనే ఫోల్డర్లు డేటాలో విడిగా కనిపిస్తే అవి గేమ్‌వి కావు, మోడ్లవి. గేమ్ తన మెష్‌లనూ (వస్తువుల ఆకారాలు) టెక్స్చర్లనూ (వాటి మీద పూసే బొమ్మలు) స్క్రిప్టులనూ అన్నిటినీ బీఎస్ఏ మూటల్లో కట్టి పెట్టుకుంటుంది.

మూటలోనూ ఒక ఫైలుండి, విడిగానూ అదే పేరుతో ఇంకొకటుంటే స్కైరిమ్ విడిగా ఉన్నదాన్నే తీసుకుంటుంది. మిగిలిపోయిన మోడ్ల గొడవల్లో సగం ఈ ఒక్క నియమం నుంచే పుడతాయి. ఈఎస్‌పీని (మోడ్ ప్లగిన్ ఫైలును) తీసేస్తే మోడ్ పోయిందని అనుకుంటాం. దానితో వచ్చిన విడి ఫైళ్ళు ఈఎస్‌పీ ఉన్నా లేకపోయినా పనిచేస్తూనే ఉంటాయి. బీఎస్ఏ సంగతి వేరు. ఒక మోడ్ బీఎస్ఏ దాని పేరుతోనే ఉన్న ప్లగిన్ యాక్టివ్‌గా ఉంటేనే లోడ్ అవుతుంది, కాబట్టి ఒంటరిగా మిగిలిన బీఎస్ఏ డిస్కులో చోటు తింటుందే తప్ప హాని చేయదు.

లిడియా ముఖాన్నే తీసుకోండి. వైట్‌రన్‌లో థేన్ అనే బిరుదు పొందాక మీ వెంట వచ్చే ఆ హౌస్‌కార్ల్ (అంగరక్షకురాలు) బేస్ ఐడీ, అంటే గేమ్ ఆ పాత్రకు ఇచ్చిన సంఖ్య, 000ఏ2సీ8ఈ. ఆమె మొహాన్ని అందంగా మార్చే మోడ్ ఒకటి వేశారనుకుందాం. ఆ మోడ్‌లో మూడు భాగాలుంటాయి. ఒకటి ఈఎస్‌పీ: లిడియాకు ఏ జుట్టు, ఏ కనుబొమలు, ఏ కళ్ళు అని అందులో రాసి ఉంటుంది. రెండోది డేటాలో మెషెస్, యాక్టర్స్, క్యారెక్టర్, ఫేస్‌జెన్‌డేటా, ఫేస్‌జియోమ్ అంటూ వెళ్తే కనిపించే స్కైరిమ్ ఈఎస్ఎమ్ అనే ఫోల్డర్‌లో, ఆ ఐడీ పేరుతోనే ఉన్న నిఫ్ ఫైలు. ఆ జుట్టు, ఆ కళ్ళతో ముందే కుదిర్చి పెట్టిన తల అది. మూడోది టెక్స్చర్స్ వైపు ఫేస్‌టింట్ ఫోల్డర్‌లో అదే ఐడీతో ఉన్న డీడీఎస్, అంటే చర్మపు రంగు. ఇప్పుడు ఈఎస్‌పీ ఒక్కటి తీసేశారు. లిడియా వివరాలుండే రికార్డు మళ్ళీ బెథెస్డా రాసినట్టు పాత జుట్టు, పాత కనుబొమలు చెబుతుంది. డిస్కులో ఉన్న తలకాయ మాత్రం మోడ్ చేసినది. రెండూ పొసగవు. గేమ్ ఆ తలకు రంగు పూయకుండా వదిలేస్తుంది, లిడియా మొహం బొగ్గులా నల్లబడి, మెడ మామూలు రంగులో ఉంటుంది. దీన్నే "డార్క్ ఫేస్ బగ్" అంటారు. ఆ రెండు ఫైళ్ళను డేటా నుంచి తీసేస్తే బీఎస్ఏలోని అసలు తల తిరిగొస్తుంది, సేవ్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. కన్సోల్ తెరిచి నల్లమొహం మనిషి మీద క్లిక్ చేస్తే వచ్చే ఐడీ ఆ మనిషి రెఫరెన్స్‌ది (ఆటలో అక్కడ నిలబడ్డ మనిషిది), ఫైలు పేరులో ఉండేది బేస్ ఐడీ. లిడియా రెఫరెన్స్ ఐడీ చివర 94 ఉంటుంది, బేస్ ఐడీ చివర 8ఈ. ఈ రెండూ కలగాపులగం చేసుకుని ఫైలు దొరకడం లేదని గంటలు వెతికేవాళ్ళు ఉన్నారు.

మిగతా లక్షణాలకూ ఇలాగే వెనక కారణం ఉంది. గోడ ఊదారంగులో ఉంటే అక్కడ మెష్ ఉంది, అది అడుగుతున్న టెక్స్చర్ లేదు. అంటే టెక్స్చర్లు పోయి, మోడ్ మెష్ మిగిలిపోయింది. తీయాల్సింది మెష్‌ను. వస్తువు ఉండాల్సిన చోట ఎర్ర గుర్తులో ఆశ్చర్యార్థకం కనిపిస్తే కథ తలకిందులు: ప్లగిన్ ఉంది, మెష్ లేదు. అక్కడ తీయాల్సింది ప్లగిన్‌ను. మనుషులంతా చేతులు బారజాపి కొయ్యబొమ్మల్లా జారుతుంటే అది యానిమేషన్ గొడవ. మోడ్ యానిమేషన్లను గేమ్‌లో కలిపే నెమెసిస్ గానీ, పాత ఎఫ్‌ఎన్‌ఐఎస్ గానీ తయారుచేసిన ఫైళ్ళు మిగిలి, అవి వెతుకుతున్న యానిమేషన్లు పోయాయి. మెషెస్ కింద యాక్టర్స్, క్యారెక్టర్, బిహేవియర్స్ ఫోల్డర్‌లో 0_మాస్టర్ అనే హెచ్‌కేఎక్స్ ఫైలు, నేరుగా మెషెస్ ఫోల్డర్‌లో యానిమేషన్‌డేటాసింగిల్‌ఫైల్, యానిమేషన్‌సెట్‌డేటాసింగిల్‌ఫైల్ అనే టెక్స్ట్ ఫైళ్ళు ఉన్నాయేమో చూడండి. యానిమేషన్ మోడ్లు ఇంకా కొన్ని వాడుతూనే ఉంటే ఫైళ్ళు తీసి ఊరుకుంటే చాలదు, నెమెసిస్‌ను మళ్ళీ ఒకసారి నడపాలి.

స్క్రిప్ట్స్ ఫోల్డర్ గురించి ఇంకో ముక్క. ఎస్‌కేఎస్‌ఈ తనతోపాటు యాక్టర్, గేమ్, ఫార్మ్ లాంటి పేర్లతో పెక్స్ (స్క్రిప్టు) ఫైళ్ళు తెస్తుంది. ఇవి గేమ్ సొంత స్క్రిప్టులకు మార్పులు చేసిన ప్రతులు. ఎస్‌కేఎస్‌ఈ డీఎల్ఎల్‌ను తీసి ఈ పెక్స్‌లను వదిలేస్తే, ఇవి పిలిచే ఫంక్షన్లకు బదులు పలికేవాళ్ళే ఉండరు. కొత్త ఎస్‌కేఎస్‌ఈ వేసి పాత పెక్స్‌లు వదిలేసినా అంతే. ఎస్‌కేఎస్‌ఈ మార్చినప్పుడల్లా డీఎల్ఎల్‌తో పాటు స్క్రిప్టులు కూడా కలిపి మార్చాలి.

గేమ్ అప్‌డేట్ అయ్యాక మొదలైన క్రాష్ అయితే ముందు స్కైరిమ్‌ఎస్‌ఈ ఎగ్జిక్యూటబుల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. 1.5.97కు మాత్రమే రాసిన డీఎల్ఎల్ 1.6.1170లో పనిచేయదు. చాలా డీఎల్ఎల్‌లు ఆధారపడే అడ్రస్ లైబ్రరీ బిన్ ఫైలు కూడా ఆ వెర్షన్ అంకెలకు సరిపోవాలి. ఏ డీఎల్ఎల్ ఎక్కింది, ఏది ఎక్కలేదు అనేది డాక్యుమెంట్స్, మై గేమ్స్, స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్, ఎస్‌కేఎస్‌ఈ దారిలో ఉండే ఎస్‌కేఎస్‌ఈ64 లాగ్ వరుసగా చెబుతుంది. ఒకదాని పేరు పక్కన "లోడెడ్ కరెక్ట్‌లీ" లేకపోతే అనుమానం దాని మీదే.

అన్నీ ఏరడం చేతకాకపోతే మొత్తం ఊడ్చేసే పద్ధతి ఉంది. పైన చెప్పిన అసలు ఫైళ్ళు వదిలి, డేటాలో మిగిలినవన్నీ బయటి ఫోల్డర్‌కు తరలించండి. ఆ తరువాతే స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, వెరిఫై. పొరపాటున అసలు ఫైలేదైనా తరలిపోయి ఉంటే స్టీమ్ దాన్ని మళ్ళీ దించుకుంటుంది. ఇంటర్నెట్ ప్లాన్‌కు డేటా పరిమితి ఉన్నవాళ్ళు టెక్స్చర్స్0 నుంచి టెక్స్చర్స్8 దాకా ఉన్న బీఎస్ఏలను మాత్రం ముట్టుకోకండి, పెద్దవి అవే. ఇంకో హెచ్చరిక: గేమ్‌ను కావాలనే 1.5.97కు వెనక్కి దించుకుని ఆడుతున్నవాళ్ళు వెరిఫై నొక్కకూడదు. నొక్కితే స్టీమ్ ఎగ్జిక్యూటబుల్‌ను తాజా వెర్షన్‌కు మార్చేస్తుంది, 1.5.97కు మాత్రమే రాసిన డీఎల్ఎల్‌లన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి.

మేనేజర్ వాడినా ఎందుకు మిగులుతాయి

మోడ్ ఆర్గనైజర్ 2 అనే మేనేజర్ డేటా ఫోల్డర్‌లో ఏమీ పెట్టదు. గేమ్ నడుస్తున్నంతసేపు ఫైళ్ళు అక్కడున్నట్టు భ్రమ కల్పిస్తుంది. కాబట్టి దానితో మిగిలేవి తక్కువ, ఉన్నా ఓవర్‌రైట్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. నెమెసిస్ లాంటి పరికరాలను దాని లోపలి నుంచి కాకుండా బయటి నుంచి నడిపితే మాత్రం అవి నేరుగా డేటాలోనే రాసేస్తాయి.

ఇంకో మేనేజర్ వోర్టెక్స్ పద్ధతి వేరు. మోడ్ల అసలు ఫైళ్ళను స్టేజింగ్ ఫోల్డర్‌లో ఉంచి, వాటికి డేటాలో హార్డ్‌లింకులు వేస్తుంది. హార్డ్‌లింక్ అంటే షార్ట్‌కట్ కాదు. డిస్కులో ఉన్న ఒకే ఫైలుకు రెండు పేర్లు. ఒక పేరు చెరిపేసినా రెండో పేరు ఉన్నంతవరకు ఫైలు బతికే ఉంటుంది. వోర్టెక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, స్టేజింగ్ ఫోల్డర్ డిలీట్ చేసి, "అన్నీ పోయాయి" అనుకున్నవాళ్ళ డేటాలో వందల ఫైళ్ళు నిక్షేపంగా ఉండటానికి కారణం ఇదే. వోర్టెక్స్‌ను తీసేసే ముందు మోడ్స్ పేజీలో పైన ఉండే "పర్జ్ మోడ్స్" నొక్కాలి. అది వేసిన లింకులన్నీ తనే వెనక్కి తీసుకుంటుంది. ఈ ఒక్క బటన్ మరవకుండా ఉంటే ఈ పోస్టులో సగం మీకు అవసరం రాదు.

ఇప్పటికే మరిచిపోయారా? డేటాలో వోర్టెక్స్ డిప్లాయ్‌మెంట్ అనే పేరుతో జేసన్ ఫైలు ఉందేమో చూడండి. ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. వోర్టెక్స్ ఏ మోడ్ నుంచి ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో వరుసగా అందులో రాసి ఉంటుంది, మీకు కావాల్సిన జాబితా అదే. ఒక ఫైలు లింకా కాదా అని అనుమానమొస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌ఎస్‌యుటిల్ హార్డ్‌లింక్ లిస్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన ఆ ఫైలు పూర్తి దారి ఇవ్వండి. రెండు దారులు చూపిస్తే స్టేజింగ్ ప్రతి ఇంకా ఉంది, పర్జ్ చేయొచ్చు. ఒక్కటే చూపిస్తే ఆ ఫైలు అనాథ, చేత్తోనే తీయాలి.

యూజర్ ఫోల్డర్‌లో మిగిలేవి

డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ కింద స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ ఫోల్డర్‌లో స్కైరిమ్, స్కైరిమ్‌ప్రిఫ్స్, స్కైరిమ్‌కస్టమ్ అనే ఐఎన్‌ఐ ఫైళ్ళుంటాయి. గేమ్ తీసేసినా ఇవి పోవు. మొదటి రెంటి పేర్లు మార్చి గేమ్ లాంచర్ తెరిస్తే కొత్తవి వాటంతటవే తయారవుతాయి. కస్టమ్‌ను మాత్రం గేమ్ తయారుచేయదు, అది ఉంటే మీరో ఏదో పరికరమో పెట్టినదే, పైగా అందులో ఉన్నది స్కైరిమ్ ఐఎన్‌ఐలో ఉన్నదాన్ని తోసిపుచ్చుతుంది. వన్‌డ్రైవ్ వాడేవాళ్ళ డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపల ఉండొచ్చు, అక్కడ చూడండి. మోడ్ ఆర్గనైజర్‌లో ప్రొఫైల్‌కు సొంత ఐఎన్‌ఐలు పెట్టుకునే ఎంపిక టిక్ చేసి ఉంటే గేమ్ చదివేది ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌లోవి. డాక్యుమెంట్స్‌లో ఎంత మార్చినా ఫలితం కనిపించదు.

ఐఎన్‌ఐలో మిగిలే ఒక్క వరుస ఏం చేస్తుందో చూడండి. సెకనుకు 60 ఫ్రేములు దాటించడానికి డిస్‌ప్లే ట్వీక్స్ లాంటి మోడ్ వేసి, ప్రిఫ్స్‌లో ఐవీసింక్‌ప్రెజెంట్‌ఇంటర్వెల్‌ను 0 చేసి ఉంటారు. ఆ మోడ్ తీసేశారు, 0 మాత్రం అలాగే ఉంది. స్కైరిమ్‌లో వస్తువుల కదలిక లెక్క ఫ్రేములతో ముడిపడి ఉంటుంది, ఆ లెక్కను సర్దుతున్నది ఇప్పటిదాకా ఆ మోడే. అది లేకుండా 144 హెర్ట్జ్ మానిటర్ మీద కొత్త గేమ్ మొదలుపెడితే హెల్గెన్‌కు తీసుకెళ్ళే బండి ఎగిరెగిరి పడుతుంది, బల్లల మీది గిన్నెలు మీరు గదిలోకి అడుగుపెట్టగానే చెల్లాచెదురవుతాయి. ఆ 0ను 1 చేస్తే, మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే సరిపోతుంది. అంతకన్నా వేగమైనదైతే గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఈ గేమ్‌కు 60 పరిమితి పెట్టాలి.

ప్లగిన్ల జాబితా ఇంకో చోట ఉంటుంది. విండోస్ కీ, ఆర్ నొక్కి, ఇంగ్లీషులో %లోకల్‌యాప్‌డేటా% అని కొడితే తెరుచుకునే ఫోల్డర్‌లో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్, దానిలో ప్లగిన్స్ అనే టెక్స్ట్ ఫైలు. పేరు ముందు నక్షత్రం గుర్తున్నవి యాక్టివ్. ఈ జాబితాలో ఉండి డేటాలో లేని ప్లగిన్ వల్ల గేమ్ పడిపోదు, దాన్ని పట్టించుకోదంతే. ప్రమాదం రెండో రకంతో: ప్లగిన్ ఉంది, యాక్టివ్‌గా ఉంది, అది ఆధారపడే మాస్టర్‌ను మీరు తీసేశారు. లోగో వచ్చిన వెంటనే క్రాష్ అయ్యేది ఇలాంటప్పుడే. ఫైలు పేరు మార్చి చూడండి, గేమ్ కొత్తది రాసుకుంటుంది. ఏ ప్లగిన్‌కు ఏ మాస్టర్ కావాలో ఎస్‌ఎస్‌ఈఎడిట్ అనే ప్రోగ్రామ్ చూపిస్తుంది.

ఇలాంటి మిగులు సిమ్స్ 4లోనూ ఉంది. డాక్యుమెంట్స్‌లోని ఆ గేమ్ ఫోల్డర్‌లో లోకల్‌థంబ్‌క్యాష్ అనే ప్యాకేజ్ ఫైలు తీసేసిన మోడ్ల ఆనవాళ్ళను పట్టుకుని ఉంటుంది. మోడ్లు తీసినప్పుడల్లా దాన్ని కూడా డిలీట్ చేయాలి, గేమ్ మళ్ళీ తయారుచేసుకుంటుంది.

సేవ్ లోపల మిగిలినవి

ఫైళ్ళన్నీ శుభ్రమై, రివర్‌వుడ్ పరీక్ష నెగ్గి, పాత సేవ్ మాత్రం తెరవగానో కాసేపటికో పడిపోతుంటే వచ్చేది ఈ చిక్కుముడి.

టెక్స్చర్లు, మెష్‌లు మార్చే మోడ్లు సేవ్‌లో ఏమీ రాయవు, ఎప్పుడైనా తీయొచ్చు. స్క్రిప్టులున్న మోడ్లు రాస్తాయి. స్కైరిమ్‌లో స్క్రిప్టులను నడిపే పాపిరస్ అనే వ్యవస్థ, నడుస్తున్న ప్రతి స్క్రిప్టు స్థితినీ, దాని వేరియబుల్స్‌నూ సేవ్‌లో భద్రం చేస్తుంది. మోడ్ తీసేసినా ఆ వివరాలు సేవ్‌లో ఉంటాయి. ముఖ్యంగా కొన్ని మోడ్లు "ప్రతి ఇన్ని సెకన్లకు నన్ను లేపు" అని గేమ్‌కు చెప్పి పెడతాయి. ఆపమని చెప్పేలోపే మోడ్‌ను తీసేస్తే, గేమ్ ఆ లేని స్క్రిప్టును లేపడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఒక్కసారే లేపమని అడిగి, ప్రతిసారీ కొత్తగా అడిగే పద్ధతిలో రాసిన మోడ్లతో ఈ బాధ తక్కువ. బాగా రాసిన మోడ్లు అలాగే రాస్తారు.

సేవ్‌లో ఏం జరుగుతోందో చూడాలంటే స్కైరిమ్ ఐఎన్‌ఐలో పాపిరస్ విభాగం కింద బీఎనేబుల్‌లాగింగ్, బీఎనేబుల్‌ట్రేస్ రెంటినీ 1 చేయండి. ఐదు నిమిషాలు ఆడి బయటికొచ్చి, మై గేమ్స్‌లోని స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ ఫోల్డర్‌లో లాగ్స్, స్క్రిప్ట్ దారిలో పాపిరస్.0 లాగ్ తెరవండి. ఫలానా క్లాస్ స్టోర్ తెరవలేకపోయాను, ఫైలు లేదా, అని ఇంగ్లీషులో ఉన్న వరుసలు తీసేసిన మోడ్లవి. లోడ్ అయ్యేటప్పుడు ఒకసారి వచ్చి ఆగిపోతే వదిలేయొచ్చు. అదే స్క్రిప్టు పేరు లాగ్ పొడుగునా వందలసార్లు వస్తుంటే సేవ్ నిజంగా బరువెక్కింది. పని అయ్యాక ఆ రెంటినీ మళ్ళీ 0 చేయడం మరవొద్దు.

మందు ఏమిటంటే, ఆ మోడ్ వేయకముందు చేసిన సేవ్‌కు వెనక్కి వెళ్ళడం. పది గంటల ఆట పోతుందని బాధగానే ఉంటుంది, అయినా నమ్మదగ్గది అదొక్కటే. దానికి వీల్లేనప్పుడు ఫాల్‌రిమ్ టూల్స్‌లో సేవ్‌ను శుభ్రం చేసే రీసేవర్ ఉంది. అది నడవాలంటే కంప్యూటర్‌లో జావా ఉండాలి. ముందు సేవ్‌ను కాపీ చేసుకోండి. ఈఎస్ఎస్ (సేవ్) ఫైలుతో పాటు అదే పేరుతో ఉన్న ఎస్‌కేఎస్‌ఈ ఫైలు కూడా ఉంటే రెంటినీ కలిపే కదపాలి. ఎస్‌కేఎస్‌ఈ మోడ్లు తమ సమాచారం ఆ రెండో ఫైలులో దాచుకుంటాయి, జత విడిపోతే ఆ సమాచారం పోయినట్టే. తరువాత రీసేవర్‌లో సేవ్ తెరిచి, క్లీన్ మెనూలో అన్‌అటాచ్డ్ ఇన్‌స్టెన్స్‌లు (దేనికీ తగిలించి లేని స్క్రిప్టు ప్రతులు), అన్‌డిఫైన్డ్ ఎలిమెంట్లు (స్క్రిప్టే లేని మిగుళ్ళు) తీసేసి, కొత్త పేరుతో సేవ్ చేయండి. అదే మెనూలో ఇంకా చాలా బటన్లుంటాయి, వాటి జోలికి పోవద్దు. ఏదో నెలకోసారి ఇల్లు దులిపినట్టు బాగున్న సేవ్‌ను రీసేవర్‌లో వేయడం కూడా మంచి అలవాటు కాదు, నడుస్తున్న మోడ్ తాత్కాలికంగా వదిలిన ఇన్‌స్టెన్స్‌ను కూడా అది చెత్తగా లెక్కేయొచ్చు.

మధ్యలో స్క్రిప్ట్ మోడ్ తీయక తప్పనప్పుడు హాని తగ్గించే వరుస ఒకటుంది. ఆ మోడ్ ఎమ్‌సీఎమ్ (మోడ్ సెట్టింగుల) మెనూలో "అన్‌ఇన్‌స్టాల్" లేదా "డిసేబుల్" ఉంటే ముందు అది నొక్కండి. మోడ్ తాకని చిన్న ఇంట్లోకి వెళ్ళి, గేమ్ మెనూలన్నీ మూసి, ఒక నిమిషం ఊరికే నిలబడండి, నడుస్తున్న స్క్రిప్టులు పని ముగించుకోవడానికి. కొత్త స్లాట్‌లో సేవ్ చేసి గేమ్ పూర్తిగా మూసేయండి. అప్పుడు మోడ్ తీసి, మళ్ళీ తెరిస్తే ఈ సేవ్‌లోని కంటెంట్ ఇప్పుడు లేదని గేమ్ హెచ్చరిస్తుంది, సరే అనండి. అదే ఇంట్లో మరోసారి కొత్త స్లాట్‌లో సేవ్ చేసి, మూసి, ఆ సేవ్‌నే తెరిచి ఆట కొనసాగించండి. మోడ్ ఉన్నప్పటి సేవ్‌ను కనీసం వారం రోజులు ఉంచుకోండి. ఇలాంటి గాయాలు కొన్ని వెంటనే బయటపడవు, ఆ మోడ్ తాకిన ఊరికి మళ్ళీ వెళ్ళినప్పుడే తెలుస్తాయి.